పాప రోడ్డు చూస్తోంది, నేను ఫోన్ చూస్తున్నాను

ఈ వారం ఉత్తరం పొడుగ్గా ఉంది. రాసినవారి పేరు, కంపెనీ, ఆనవాలు పట్టించే వివరాలు తీసేసి విషయం మాత్రం చెబుతాను.

ఆయన వయసు 37. సబ్బులు, బిస్కెట్లు, టీపొడి అమ్మే ఒక కంపెనీలో ఏరియా సేల్స్ మేనేజర్. ఇల్లు విజయవాడలో. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం దాకా ఆయన ఏరియానే. రోజుకి 150 కిలోమీటర్లకి తక్కువ కాకుండా కారు నడుపుతారు. కింద ఆరుగురు కుర్రాళ్లు బైకుల మీద షాపులు తిరిగి ఆర్డర్లు రాస్తారు. పైన రీజినల్ మేనేజర్. అందరూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటారు. పొద్దున 9 గంటలకి లైవ్ లొకేషన్ పెట్టాలి. ఎన్ని షాపులు తిరిగారు, ఏ డిస్ట్రిబ్యూటర్ దగ్గర స్టాకెంత, మధ్యాహ్నానికి ఆర్డరెంత, అడిగినప్పుడల్లా చెప్పాలి. రెండు నిమిషాల్లో జవాబు రాకపోతే పైనుంచి ఒక ప్రశ్నార్థకం వస్తుంది. ఇంకాస్త ఆలస్యమైతే మూడు ప్రశ్నార్థకాలు. "ఒక్క అక్షరం కూడా ఉండదు మేడమ్. ఆ గుర్తు చూస్తే చాలు, కడుపులో తిప్పుతుంది" అని రాశారు. ఆ మేనేజర్ మెసేజ్ మిస్సవకుండా దానికి వేరే మోత పెట్టుకున్నారట.

పోయిన నెలాఖరున, క్లోజింగ్ రోజు, అంటే నెల అమ్మకాల లెక్క ముగించే రోజు సాయంత్రం, హనుమాన్ జంక్షన్ దాటి ఏలూరు వైపు వెళ్తున్నారు. స్పీడు 80 దాకా ఉంది. ఆ రోజు అమ్మకం ఎంతో గ్రూపులో పెట్టమన్నారు. ఎడమ చేత్తో టైప్ చేస్తున్నారు. మిగతాది ఆయన మాటల్లోనే:

"నాలుగు లక్షల ఇరవై అని కొట్టి తలెత్తాను. డివైడర్ మధ్య ఖాళీలోంచి ఒక మోపెడ్ సగం రోడ్డు మీదకి వచ్చేసింది. వెనకాల రెండు పాల క్యాన్లు. బ్రేక్ తొక్కాను, స్టీరింగ్ కోశాను. మనిషికి తగల్లేదు గానీ క్యాన్‌కి తగిలింది. బండి పడిపోయింది. తెల్లగా పాలు రోడ్డంతా పారుతున్నాయి. నలభై ఐదేళ్లుంటాయి ఆవిడకి. లేచి కూర్చుని ముందు క్యాన్ మూత వెతుక్కుంది. 'చూసుకోవాలి కదా నాయనా' అంది, అంతే. తిట్టలేదు. మణికట్టు వాచింది. పక్క ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి కట్టు కట్టించాను. మూడు వేలు ఇచ్చాను. వాళ్లబ్బాయి నంబరు తీసుకున్నాను. కారెక్కి ఫోన్ చూస్తే నా మెసేజ్ సగంలోనే వెళ్లిపోయింది. దాని కింద మూడు ప్రశ్నార్థకాలు."

ఈ సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. ఆ అబ్బాయికి ఫోన్ చేయలేదు. ఇది జరిగి ఇరవై రోజులు దాటింది. మొదటి వారం ఫోన్ ముట్టుకోలేదట. రెండో వారం ఆ మోత వినిపించగానే చెయ్యి దానంతటదే వెళ్లిందట.

ఇంతలో ఇంకొకటి జరిగింది. తొమ్మిదేళ్ల కూతుర్ని ట్యూషన్ నుంచి తీసుకొచ్చేది ఈయనే. ఒకరోజు ఆ పిల్ల వాళ్లమ్మతో మామూలుగా చెప్పింది: "నాన్న ఫోన్ చూసేటప్పుడు రోడ్డు నేను చూస్తానమ్మా. ఏదైనా వస్తే లారీ అని చెప్తాను." ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవైంది. పాపని ఇక కారెక్కనివ్వనని, ఈ ఉద్యోగం మానేయమని భార్య పట్టుబట్టింది. ఇంటి లోన్ ఇంకా పదకొండేళ్లుంది. "పదేళ్లుగా ఇలాగే నడుపుతున్నాను. మొన్నటిదాకా కారు మీద గీత పడలేదు. నేను చెడ్డవాణ్నా మేడమ్? ఉద్యోగం మానేయనా? మేనేజర్‌కి ఎదురు చెప్పనా? పాలావిడ సంగతి ఇంట్లో చెప్పేయనా?" అని అడిగారు.

---

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆవిడ లేచి ముందు క్యాన్ మూత వెతుక్కుందని రాశారు చూడండి, ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అది గమనించి, గుర్తుపెట్టుకుని రాసిన మనిషి చెడ్డవాడని నేను అనలేను. అలాగని "ఫర్వాలేదులెండి" అని కూడా అనలేను. మీరు చేస్తున్న పని మనుషుల్ని చంపే పని. ఆ రోజు ఒక అడుగు తేడాలో తప్పింది.

ముందు ఆ పదేళ్ల మాట. గీత పడలేదు కాబట్టి నాకు చేతనవుతుందని మీ మనసులో ఎక్కడో ఉంది. 80 స్పీడులో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. మెసేజ్ చదివి, నాలుగంకెలు కొట్టి, తలెత్తేసరికి తక్కువలో తక్కువ ఐదు సెకన్లు. అంటే వంద మీటర్లకి పైగా మీరు కళ్లు మూసుకుని వెళ్లినట్టే. పదేళ్లలో రోజుకి పాతికసార్లు ఆ వంద మీటర్లు ఖాళీగా దొరికాయి. అందులో మీ నైపుణ్యమేమీ లేదు, అవతలివాళ్లు తప్పుకున్నారు. మీరు తిరిగే రోడ్లు మీకు తెలియనివి కావు. హైవే మీద ప్రతి ఊరి దగ్గరా డివైడర్‌కి ఒక సందుంటుంది, రాంగ్ రూటులో బైకులు వస్తాయి. భీమవరం వైపు దిగితే ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేపల చెరువులు, మధ్యలో నీళ్లు కారుతూ వెళ్లే చేపల లారీలు. వెనక లైటు లేకుండా ధాన్యం ట్రాక్టర్లు. రెండు కళ్లూ రోడ్డు మీదే పెట్టినా చాలని రోడ్లవి.

ఫోన్ వాడుతూ నడిపేవాళ్లకి ప్రమాదం జరిగే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతోంది. హ్యాండ్స్‌ఫ్రీ పెట్టుకుంటే పెద్దగా తేడా ఉండదని కూడా ఆ సంస్థే చెబుతోంది. బ్లూటూత్ కొనుక్కుంటే చాలు కదా అని మీకు తట్టి ఉంటుంది కాబట్టి ఇది ముందే చెబుతున్నాను. అమెరికాలో యూటా యూనివర్సిటీ వాళ్లు 2015లో ఒక పరీక్ష చేశారు. నోటితో కారుకి ఏదో చెప్పి, అది అయిపోయిన తర్వాత కూడా మనసు పూర్తిగా రోడ్డు మీదకి రావడానికి కొన్ని కార్లలో 27 సెకన్ల దాకా పట్టింది. చెయ్యి స్టీరింగ్ మీదే ఉంటుంది, కళ్లు ఎదురుగానే ఉంటాయి, బుర్ర మాత్రం ఏలూరు డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లో ఉంటుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఒక్కసారి చూస్తానంటారు, అక్కడా ఇదే లెక్క. పచ్చ లైటు పడి కారు కదిలాక కూడా మీరింకా ఆ మెసేజ్‌లోనే ఉంటారు.

ఇప్పుడు ఒత్తిడి సంగతి. అది నిజమైనదే. ఆ ప్రశ్నార్థకం చూసి కడుపులో తిప్పిందంటే నేను నమ్ముతాను. కానీ మీరు దాన్నంతా ఒకే మూటగా కట్టి "పైవాళ్ల ఒత్తిడి" అని పేరు పెట్టారు. ఆ మూట విప్పాలి. ఒక పని చేయండి. ఆదివారం ఇంట్లో కూర్చుని పోయిన నెల గ్రూపంతా పైకి జరుపుకుంటూ వెళ్లండి. మేనేజర్ దగ్గర్నుంచి మీకు వచ్చిన ప్రతి మెసేజ్ దగ్గరా ఒక్కటే చూడండి: దీనికి అరగంట ఆగి జవాబిస్తే ఏం పోయేది? ఎవరి ఆర్డరైనా ఆగేదా, ఏ లారీ అయినా లోడు కాకుండా వెనక్కి పోయేదా? ఒక కాగితం మీద గీతలు గీసుకోండి. నిజంగా ఆగలేనివి ఎన్నో నాకు తెలియదు, మీకే తెలుస్తుంది. వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయని నా నమ్మకం. మిగతావన్నీ "నువ్వు ఉన్నావా, పని చేస్తున్నావా" అని అడిగేవే. జవాబులో ఉన్న అంకె ఆయనకి అక్కర్లేదు, జవాబు వచ్చిందన్న ధైర్యం కావాలి. ఆయన పైన ఇంకొకరు ఆయనకీ ప్రశ్నార్థకాలు పెడుతూ ఉంటారు.

ఇక్కడ మీ ఉత్తరంలో మీరు దాటేసిన ఒక వాక్యం దగ్గరికి వస్తాను. "కింద ఆరుగురు కుర్రాళ్లు బైకుల మీద" అని రాశారు. తర్వాత వాళ్ల ఊసే లేదు. మేనేజర్ మిమ్మల్ని అంకె అడిగితే ఆ అంకె మీకెక్కడినుంచి వస్తుంది? మీరూ గ్రూపులో "అప్‌డేట్ ప్లీజ్" అని పెడతారు కదా. ఆ మెసేజ్ వాళ్లకి ఎక్కడ అందుతుంది? ఒకడు కైకలూరు రోడ్డు మీద బైక్ నడుపుతూ ఉంటాడు, ముందు బిస్కెట్ల శాంపిల్ బ్యాగు, జేబులో ఫోన్. మీకైతే చుట్టూ ఇనుముంది, సీటు బెల్టుంది, ఎయిర్ బ్యాగుంది. వాడికి హెల్మెట్ ఒక్కటే, అదీ తల మీద ఉంటే. వాడు హ్యాండిల్ ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో మీకు జవాబు కొడుతున్నాడు. లేదా ఫోన్ హెల్మెట్‌లోకి దోపుకుని మీతో మాట్లాడుతున్నాడు. వాళ్లకి మీ పేరు కనబడగానే కడుపులో తిప్పుతుందేమో మీరెప్పుడైనా ఆలోచించారా?

మిమ్మల్ని బాధపెట్టడానికి చెప్పడం లేదు. మీ చేతిలో ఏమీ లేదని మీరు అనుకుంటున్నారు, కానీ ఆరుగురి విషయంలో అధికారం మీదే. దానికి ఎవర్నీ అడగక్కర్లేదు, ఏ హెచ్చార్‌కీ రాయక్కర్లేదు. ఈ సోమవారం పొద్దున వాళ్లతో ఎదురుగా చెప్పవచ్చు: బండి కదులుతుంటే నా మెసేజ్ చూడొద్దు, నా ఫోన్ ఎత్తొద్దు. షాపు ముందు స్టాండ్ వేశాక చూడండి. లెక్కలు పదకొండుకి, రెండుకి, ఆరుకి పంపండి చాలు. ఆలస్యమైతే నేనేమీ అనను. ఆ మాట మీద నిలబడాలి సుమా. క్లోజింగ్ రోజు మీరే కంగారుపడి ఒక్కసారి "ఎక్కడ?" అని పెట్టారంటే, వాళ్లు నమ్మేది ఆ మెసేజ్‌నే.

దీనివల్ల ఒక నష్టం ఉంది. మేనేజర్ మధ్యాహ్నం పన్నెండున్నరకి అంకె అడిగితే మీ దగ్గర పదకొండు గంటల అంకే ఉంటుంది. అదే చెప్పాలి. మొదట్లో చిరాకుపడతారు. లాభం కూడా ఉంది. మూడు పూటలా ఠంచనుగా, అడగకముందే అంకె వెళ్తే మధ్యలో అడగడం కొంత తగ్గుతుంది. జవాబు వస్తుందో రాదో తెలియనప్పుడే మనిషి పదిసార్లు అడుగుతాడు.

మేనేజర్‌తో మాట్లాడే విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, ఏమీ చెప్పకుండా ఊరికే అమలు చేయడం. గొడవుండదు, కానీ ఆయనకి అది నిర్లక్ష్యంలా కనిపించవచ్చు, అప్రైజల్ నాటికి "రెస్పాన్స్ లేదు" అన్న మాటగా తిరిగి రావచ్చు. రెండోది ఎదురుగా కూర్చుని చెప్పడం. నాకు ఇది నచ్చుతుంది. నెలాఖరున కాదు, ఐదో తారీఖు దాటాక. అందరి ముందు కాదు, గ్రూపులో అసలే కాదు. "ఒత్తిడి చేస్తున్నారు" అనే మాట వాడకండి, ఆయన వెంటనే తనని కాపాడుకునే పనిలో పడతారు. "సార్, మొన్న క్లోజింగ్ రోజు మీకు అంకె కొడుతూ ఒకావిణ్ని పడేశాను. ఇకనుంచి నడిపేటప్పుడు ఫోన్ తీయను. రోజుకి మూడుసార్లు నేనే పెడతాను. ఆగలేని పనైతే వెంటవెంటనే రెండుసార్లు కాల్ చేయండి, బండి పక్కన పెట్టి చేస్తాను" అనండి. ఆవిణ్ని పడేశానన్న మాట చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెబితే ఆయనకి విషయం బుర్రకెక్కుతుంది, కానీ ఆ మాట ఆఫీసులో తిరుగుతుంది కూడా. చెప్పకపోయినా మిగతాది చెప్పవచ్చు. ఆయన ఒప్పుకుంటే ఆ సాయంత్రమే "మీరన్నట్టు మూడుసార్లు అప్‌డేట్ పెడతాను సార్" అని ఒక చిన్న మెయిల్ పెట్టి ఉంచండి.

మూడోది ఆయన్ని దాటి పైకి వెళ్లడం. కొన్ని కంపెనీల్లో బండి నడుపుతూ ఫోన్ వాడకూడదని రాసిపెట్టిన నియమాలుంటాయి. మీ చేరిక కాగితాలు తీసి చూడండి. ఉంటే ఆ కాగితం మీకు బలం. కానీ పైకి వెళ్లాక ఆయనతో మీ సంబంధం మునుపటిలా ఉండదు. రెండో దారి మూసుకుపోతే తప్ప ఇది తెరవొద్దంటాను.

ఈ మాటలన్నీ కుదరడానికి నెల పట్టవచ్చు. ఫోన్ సంగతి మాత్రం నెలాగదు. మీరే రాశారు, చెయ్యి దానంతటదే వెళ్లిందని. అంటే మోత వినిపించిన క్షణంలో మీరు నిర్ణయం తీసుకోవడం లేదు, చెయ్యి తీసుకుంటోంది. కాబట్టి కారు స్టార్ట్ చేయకముందే నిర్ణయం అయిపోవాలి. మేనేజర్‌కి పెట్టిన ఆ ప్రత్యేక మోత ఈ రాత్రే తీసేయండి. ఫోన్‌లో డ్రైవింగ్ మోడ్ ఉంటుంది, కారు కదలగానే మెసేజ్‌లు మూగబోతాయి. మామూలు డు నాట్ డిస్టర్బ్‌లో అయినా, ఒకే నంబరు నుంచి వెంటనే రెండో కాల్ వస్తే మోగేలా పెట్టుకోవచ్చు. తర్వాత ఫోన్‌ని బ్యాగులో పెట్టి వెనక సీట్లో పడేయండి. డాష్‌బోర్డు మీద స్టాండుకి పెడితే చాలదా అంటే, మీ విషయంలో చాలదనే నా అభిప్రాయం. దారి చూసుకోవడానికి ఫోన్ వాడుకోవచ్చని 2020లో కేంద్ర మోటారు వాహన నిబంధనలు మార్చారు, అదీ డ్రైవర్ ధ్యాస చెదరని పద్ధతిలోనే. పదేళ్లుగా తిరుగుతున్న రోడ్లకి మీకు మ్యాప్ ఎందుకు? లైవ్ లొకేషన్ అంటారా, అది బ్యాగులో ఉన్నా వెళ్తుంది.

మొదటి వారం నరకంలా ఉంటుంది. చెయ్యి ఖాళీగా గేరు పక్కన వెతుక్కుంటుంది. ఏదో కొంపలు మునిగిపోతున్నట్టు అనిపిస్తుంది. తెలిసి చెబుతున్నాను, అది తగ్గుతుంది. ముప్పావుగంటకోసారి ఆగి చూసుకోవచ్చు. పెట్రోల్ బంకులోనో, హోటల్ ముందో, టోల్ దాటాక పార్కింగ్ ఉన్నచోటో ఆగండి. హైవే అంచున మాత్రం వద్దు. ఆగి ఉన్న బండిని వెనకనుంచి లారీలు గుద్దేస్తున్న సంగతి మీకు నేను చెప్పాలా. రోజు మొత్తం మీద ఇలా ఆగడానికి అరగంట పోతుంది. అరగంట ముందు బయల్దేరాలి, లేదా రోజుకి ఒకటి రెండు షాపులు తగ్గాలి. ఆ ఖర్చు ఉంది, లేదని చెప్పను.

చట్టం గురించి కూడా క్లుప్తంగా చెబుతాను, మీ ఉద్యోగమే లైసెన్స్ మీద నడుస్తోంది కనుక. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, చేతిలో ఫోన్ పట్టుకుని నడపడాన్ని 184వ సెక్షన్‌లో ప్రమాదకర డ్రైవింగ్ కింద చేర్చారు. మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఇలాంటివాళ్ల లైసెన్స్ కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని రోడ్డు భద్రతపై సుప్రీంకోర్టు వేసిన కమిటీ 2015లోనే రాష్ట్రాలకి చెప్పింది. మూడు నెలలు బండి లేకపోతే మీ ఏరియా ఎవరు తిరుగుతారు? ఆ రోజు ఆవిడ ప్రాణమే పోయి ఉంటే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. బోనులో నిలబడేది మీరు. అక్కడ ఆ మూడు ప్రశ్నార్థకాలు మీ తరఫున సాక్ష్యం చెప్పవు.

ఉద్యోగం మానేయడం గురించి. మీ ఆవిడ భయంతో అన్న మాటది, భయంలో న్యాయముంది. కానీ ఈ అలవాటు మీ చేతిలో ఉండగా ఉద్యోగం మారితే, అలవాటు కూడా మీతోపాటే కొత్త కంపెనీకి వస్తుంది. సేల్స్‌లో గ్రూపులు లేని కంపెనీ ఎక్కడుంది? ముందు మూడు నెలలు ఇక్కడే ఉండి, ఫోన్ వెనక సీట్లో పెట్టి, మేనేజర్‌తో మాట్లాడి చూడవచ్చు. అప్పటికీ ఆయన "నడుపుతున్నా సరే, జవాబు కావాల్సిందే" అంటే అప్పుడు వెతుక్కోండి. ఆఫీసులో కూర్చునే పోస్టు అడగవచ్చు, జీతంలో అలవెన్సులు తగ్గుతాయి, ఆ లెక్క ఇద్దరూ కూర్చుని చూసుకోవాలి. ఈలోగా రాత్రిళ్లు నిద్రపట్టకపోయినా, ఫోన్ చూస్తేనే దడ వస్తున్నా డాక్టర్‌తో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చుండదు.

ఇక పాలావిడ.

మణికట్టు వాచిందన్నారు. ఆర్‌ఎంపీ కట్టు కట్టాడు. ఎక్స్‌రే తీశారా? మీరు రాయలేదు, తీయలేదనే అనుకుంటున్నాను. ఎముక కొద్దిగా చిట్లినా పైకి వాపే కనిపిస్తుంది, సరిగ్గా చూపించకపోతే చెయ్యి వంకరగా అతుక్కోవచ్చు. ఆవిడ పాలు పితికే మనిషి. రోజుకి రెండు పూటలా ఆ మణికట్టుతోనే ఆవిడకి పని. ఈ ఇరవై రోజులు ఆ ఇంట్లో గేదెల్ని ఎవరు చూసుకున్నారో, పాలు ఎవరు పోశారో మనకి తెలియదు. మీరిచ్చిన మూడు వేలు ఆ రోజు క్యాన్‌లో పోయిన పాలకీ కట్టుకీ సరిపోయి ఉంటాయి, అంతకుమించి ఏముంటుంది.

ఇందులో చట్టం చెప్పేదీ ఉంది. మన బండి వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌లో చెప్పాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపాలి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ అది. మొదటిది మీరు చేశారు. మిగతావి చేయలేదు. ఇప్పుడేం చేయాలన్నది యాక్సిడెంట్ కేసులు చూసే ఒక లాయర్‌ని అడగండి. ఆలస్యమైనా చెప్పడం వల్ల మీ మీద కేసు పడవచ్చు, అదే సమయంలో ఆవిడకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కింద రావాల్సింది వచ్చే దారి తెరుచుకుంటుంది. చెప్పకుండా ఊరుకుంటే ఇప్పటికి గడిచిపోతుంది. ఏ రోజు ఫోన్ వస్తుందోనన్న భయం మాత్రం మీతోనే ఉంటుంది. మీ ఉత్తరం చూస్తే అది అప్పుడే మొదలైనట్టుంది.

లాయర్ ఏం చెప్పినా ఆ అబ్బాయికి ఫోన్ చేసి "అమ్మ చెయ్యి ఎలా ఉంది" అని అడగడం మాత్రం లాయర్ మీద వదలకండి. వాళ్లు ఎక్కువ డబ్బు అడగవచ్చు, కోపంతో మాట్లాడవచ్చు. ఏలూరులో ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించి, అవసరమైన వైద్యం చేయించడం మీ బాధ్యతే. నేనైతే వెళ్తాను.

మీ ఆవిడతో చెప్పాలా అని అడిగారు. చెబితే గొడవ ఇంకా పెరుగుతుందని మీ భయం. పెరుగుతుంది. కొన్నాళ్లు మీ మీద నమ్మకం కూడా తగ్గుతుంది. చెప్పకపోతే, ఆవిడ తన భయాన్ని ఒక ఊహలా మోస్తూ ఉంటుంది, మీరు "ఏమీ కాదులే" అంటూ ఉంటారు. ఏమైందో మీకు తెలుసు, ఆవిడకి తెలియదు. అలా ఒకే ఇంట్లో ఎన్నాళ్లు మాట్లాడుకుంటారు? చెప్పడమే మంచిదని నాకనిపిస్తోంది. పాప నిద్రపోయాక, పాలావిడ ఇంటికి వెళ్లొచ్చాక అయినా సరే.

అప్పుడే ఇంకో మాట కూడా కుదుర్చుకోండి. దారిలో ఇంటినుంచి నాలుగైదు ఫోన్లు వస్తాయని, ఎత్తకపోతే కంగారుపడతారని మధ్యలో ఒకచోట రాశారు. అది కూడా ఒత్తిడే, ప్రేమలోంచి వచ్చింది కాబట్టి మనకి అలా కనిపించదు. నా సంగతి చెబుతాను. మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, వాడు రూముకి చేరే టైముకి ఫోన్ చేసేదాన్ని, ఎత్తేదాకా చేసేదాన్ని. ఒకరోజు ఐదోసారికి ఎత్తాడు. "అమ్మా, బండి మీదున్నా" అన్నాడు. గాలి హోరు, పక్కనుంచి బస్సు హారన్. ఆ హోరులో నేను అడిగింది "తిన్నావా" అని. ఫోన్ పెట్టేశాక నా చేతులు వణికాయి. ఆ తర్వాత మా మధ్య ఒక ఒప్పందం: బయల్దేరేముందు వాడొక మెసేజ్ పెడతాడు, చేరాక ఇంకోటి. మధ్యలో నేను చేయను. మొదట్లో గడియారం చూస్తూ కూర్చునేదాన్ని. ఇప్పుడు నా పని నేను చేసుకుంటున్నాను. మీ ఇంట్లో కూడా ఇది కుదురుతుంది. మీ నాన్నగారికీ చెప్పండి, మీ కుర్రాళ్ల ఇళ్లలో కూడా చెప్పమనండి.

పాపని కారెక్కనివ్వనని మీ ఆవిడ అన్నది ఒప్పుకోండి, కొన్ని వారాలు. ఆ ట్యూషన్ దారి ఆటోలోనో, ఆవిడ స్కూటీ మీదో గడుస్తుంది. మీరు వాదించి గెలవాల్సిన విషయం కాదది. మళ్లీ పాప మీతో వచ్చిన రోజు ముందు సీట్లో వద్దు, వెనక కూర్చోబెట్టి బెల్టు పెట్టండి. ఫోన్ ఉన్న బ్యాగు డిక్కీలో వేయడం దాన్ని చూడనివ్వండి. రోడ్డు చూసే పని ఇన్నాళ్లు తనకి అప్పజెప్పినందుకు సారీ చెప్పి, ఇకనుంచి ఆ పని నాన్నదేనని చెప్పండి. తొమ్మిదేళ్ల పిల్ల, అర్థమవుతుంది. కొన్నాళ్లు అలవాటుగా "నాన్నా, లారీ" అంటూనే ఉంటుంది. "చూశానమ్మా" అని ప్రతిసారీ జవాబు చెప్పండి.

పాలావిడ చెయ్యి ఎలా ఉందో, వచ్చే క్లోజింగ్ రోజు మీ ఆరుగురూ లెక్కలు ఎన్నింటికి పంపారో నాకు రాయండి.